హిమోగ్లోబిన్ బాగానే ఉంది, మరి కాళ్లెందుకు పడుకోవు?

చెన్నై సెంట్రల్‌లో రాత్రి రైలెక్కితే పాత నమూనా స్లీపర్ బోగీలో 72 బెర్తులుంటాయి. గూడూరు దాటేసరికి దీపాలారిపోతాయి, గురకలు మొదలవుతాయి. ఒకరు మాత్రం బెర్తు దిగి, చీకట్లో చెప్పులు వెతుక్కుని, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా నడుస్తూనే ఉంటారు. ఎవరైనా అడిగితే "నిద్ర పట్టట్లేదండీ" అంటారు. నిజానికి నిద్ర కళ్ల మీదికి ముంచుకొస్తూనే ఉంటుంది. కాళ్లే పడుకోనివ్వవు.

ఆ ఒక్కరిని నేను ఊహించి చెప్పలేదు, లెక్క కట్టి చెప్పాను. బెంగళూరు నగరవాసుల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 2.1 మందికి రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్, అంటే కుదురులేని కాళ్ల జబ్బు, ఉన్నట్టు తేలింది. 72 మందిలో 2.1 శాతమంటే ఒకటిన్నర. బోగీకి ఒకరో, ఇద్దరో. 500 మంది భోంచేసే పెళ్లిపందిట్లో పదిమంది. యూరప్‌లో, ఉత్తర అమెరికాలో ఇది 5 నుంచి 10 శాతం దాకా ఉంటుందంటారు. వాళ్లతో పోలిస్తే మన శాతం తక్కువే. కానీ మన జనాభాతో గుణిస్తే అది చిన్న సంఖ్య కాదు. ఆడవాళ్లకు మగవాళ్ల కంటే దాదాపు రెట్టింపుగా వస్తుంది.

మాది చూలై. ఆ మాటకు తమిళంలో బట్టీ అని అర్థం. ఇప్పుడు ఇక్కడ బట్టీలు లేవు, ఇరుకు వీధులూ మేడ మీద మేడలూ ఉన్నాయి. తరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి. ఈ వీధుల్లో ఈ జబ్బుకు పేరు లేదు గానీ దాన్ని చెప్పుకునే మాటలకు కరువు లేదు. కాళ్లు పీకుతున్నాయంటాం, లాగుతున్నాయంటాం, గుంజుతున్నాయంటాం, ఎముకల్లో చీమలు పాకుతున్నట్టుందంటాం. పక్కింటి తమిళులు 'కాల్ కుడైచ్చల్' అంటారు, లోపలెవరో తొలుస్తున్నట్టు. మా నాయనమ్మ రాత్రిళ్లు పాత చీర చింపి పిక్కలకు బిగించి కట్టుకునేది. నన్ను పిలిచి "కాళ్ల మీద ఎక్కి తొక్కవే" అనేది. గోడ పట్టుకుని ఆమె పిక్కల మీద అటూ ఇటూ నడిచేదాన్ని. ఆమెది ముసలితనం అనుకున్నాం. అమ్మకు వస్తే పని ఎక్కువై అనుకున్నాం. నాకు వచ్చాకే ముగ్గురిదీ ఒకటే జబ్బని తెలిసింది. ఈ జబ్బున్నవాళ్లలో దాదాపు సగం మంది ఇళ్లల్లో ఇంకొకరికి ఉంటుంది. 2007లో మొదటిసారి దీనికి సంబంధించిన జన్యువులను గుర్తించారు. 2024లో వచ్చిన పెద్ద పరిశోధన ఆ జన్యు స్థానాల సంఖ్యను 164కు చేర్చింది.

దీన్ని గుర్తించడానికి స్కానింగ్ అక్కర్లేదు, నరాల పరీక్ష అక్కర్లేదు, నిద్ర పరీక్ష కూడా తప్పనిసరి కాదు. ఐదు సంగతులు అడిగి తెలుసుకుంటే చాలు. కాళ్లు కదపాలని ఆపుకోలేనంతగా అనిపిస్తోందా? కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో అది మొదలవుతోందా, ముదురుతోందా? లేచి నడిస్తే, కాళ్లు చాపి విదిలిస్తే, నడిచినంతసేపైనా తగ్గుతోందా? సాయంత్రం, రాత్రి ఎక్కువవుతోందా? చివరిది, ఇదంతా వేరే జబ్బు వల్ల కాదని తేలిందా? మొదటి నాలుగూ మనమే చెప్పగలం. ఐదోదానికి డాక్టరు కావాలి.

ఆ ఐదో ప్రశ్న దగ్గరే చాలామంది దారి తప్పుతారు. మన దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ 2023లో ప్రకటించింది. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే పాదాలు మండుతాయి, మొద్దుబారతాయి. ఆ మంట నడిస్తే పోదు. రక్తనాళాలు ఉబ్బిన వెరికోస్ కాళ్లు నిలబడితే బరువెక్కుతాయి, పడుకుంటే తేలికపడతాయి. మన జబ్బు దానికి సరిగ్గా తలకిందులు. పిక్క పట్టేస్తే కండ గట్టిపడి చేతికి తగులుతుంది, ఇందులో అలా గట్టిపడదు. ఇక కూర్చుని కాళ్లు ఊపడం వట్టి అలవాటు. కాళ్లు ఊపితే దరిద్రమని పెద్దలు తిట్టే పిల్లలందరికీ ఈ జబ్బు లేదు. ఉన్న పిల్లల్ని మాత్రం ఆ తిట్టు చాలా బాధపెడుతుంది.

మా పక్కనే పురశవాక్కంలో బట్టల దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు రోజంతా నిలబడే ఉండేవారు. దుకాణాల్లో కూర్చోవడానికి ఆసనం ఇచ్చి తీరాలని 2021లో తమిళనాడు చట్టం చేసింది. నిలబడి నిలబడి వచ్చే నొప్పికి ఆ కుర్చీ మందు. కుదురులేని కాళ్లకు కుర్చీలోనే కష్టం మొదలవుతుంది. ఈ తేడా తెలియకే, ఆ అమ్మాయిల్లో ఎవరికైనా రాత్రిళ్లు కాళ్లు లాగితే "పొద్దంతా నిలబడ్డావుగా" అని సర్దిచెప్పేస్తాం. మా అమ్మ రాత్రి పదకొండింటి దాకా కుట్టుమిషన్ తొక్కుతూ కూర్చునేది. డబ్బు కోసమనుకున్నాం. మిషన్ తొక్కినంతసేపూ కాళ్లకు హాయిగా ఉండేదని ఆమె చాలా ఏళ్ల తర్వాత చెప్పింది.

ఈ బాధ సాయంత్రమే ఎందుకు ముదురుతుంది? మెదడులో కదలికలను అదుపు చేసే డోపమీన్ అనే రసాయనం పనితీరు రోజంతా ఒకేలా ఉండదు, రాత్రి తగ్గుతుంది. ఆ డోపమీన్ తయారు కావాలంటే ఒక ఎంజైమ్ పనిచేయాలి. ఆ ఎంజైమ్‌కు ఇనుము కావాలి. ఈ జబ్బున్నవాళ్ల మెదడులో ఇనుము తక్కువగా ఉంటోందని అమెరికా జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2000లో వెన్నులోని ద్రవాన్ని పరీక్షించి, 2001లో ఎమ్మారై తీసి చూపించారు. రక్తంలో ఇనుము సరిపడా ఉన్నవాళ్ల మెదడులోనూ తక్కువే కనిపించింది. అసలు ఈ బాధను 1672లోనే ఇంగ్లాండు వైద్యుడు థామస్ విల్లిస్ రాసిపెట్టాడు. తర్వాత రెండున్నర శతాబ్దాలకు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1945లో స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఎక్‌బోమ్ దీని మీద పూర్తి గ్రంథం రాశాడు. రక్తహీనతకూ దీనికీ సంబంధం ఉందని గమనించిందీ ఆయనే. 1950ల్లో అదే దేశంలో నార్డ్‌లాండర్ అనే వైద్యుడు ఇనుమును నరంలోకి ఎక్కించి రోగుల కాళ్లు శాంతించడం చూశాడు. అంటే అసలు తీగ 70 ఏళ్ల కిందటే దొరికింది. మన రక్తపరీక్ష చీటీల్లోకి అది ఇప్పటికీ సరిగా రాలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నా సంగతి చెబుతాను. మూడేళ్లు తిరిగాను. ఒకచోట కాల్షియం రాశారు, ఒకచోట బీ12 సూదులు వేశారు, ఇంకోచోట బిగుతు మేజోళ్లు కొనిపించారు. "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని ఒకాయన నిద్రమాత్ర రాశారు. ప్రతిచోటా రక్తం తీశారు, ప్రతిసారీ హిమోగ్లోబిన్ 12 దాటే ఉంది. గర్భిణి కాని స్త్రీకి 12 దాటితే రక్తహీనత లేనట్టే లెక్క. "రక్తం బాగానే ఉంది" అని అందరూ అన్నారు. నాలుగో ఏడు ఒక నరాల డాక్టరు కాగితం మీద ఒకే ఒక్క మాట రాశారు: ఫెరిటిన్. రిపోర్టు వచ్చింది. 14. దాని పక్కన 'నార్మల్' అని అచ్చయి ఉంది. ఆ ల్యాబు కింది హద్దు 10 మరి.

ఆ డాక్టరు 14 చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 75 అని రాశారు.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం అర్థం కావాలంటే ఇంటి లెక్క ఒకటి చూడాలి. హిమోగ్లోబిన్ వంటింట్లోని బియ్యం డబ్బా. ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ గాదె. డబ్బాలో బియ్యం తగ్గితే గాదెలోంచి తెచ్చి నింపుతాం. అందుకే గాదె అడుగంటుతున్నా డబ్బా చాలాకాలం నిండుగానే కనిపిస్తుంది. డబ్బా మూత తీసి చూసి "ఇంట్లో బియ్యానికి లోటు లేదు" అనేయడం ఎంత తప్పో, హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి "ఇనుము బాగుంది" అనడం అంత తప్పు. మిల్లీలీటరు రక్తంలో ఫెరిటిన్ 15 నానోగ్రాముల కంటే తగ్గితే ఇనుము లోపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది మామూలు మనిషికి పెట్టిన గీత. కుదురులేని కాళ్లున్న పెద్దవాళ్లకు ఈ రంగంలోని నిపుణులు గీసిన గీత 75. అంతకు మించకపోతే ఇనుము ఇచ్చి చూడాలని సిఫారసు. 15కూ 75కూ మధ్య ఉన్నవాళ్లలో చాలామందికి ల్యాబు కాగితం 'నార్మల్' అనే చెబుతుంది.

ఇప్పుడు గాదె కొలత. ఒంట్లో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు, రెండు చిన్న మేకుల బరువు. తిండి నుంచి రోజుకు ఒంటబట్టేది 1 నుంచి 2 మిల్లీగ్రాములు. ఇంచుమించు అంతే రోజూ పోతుంది కూడా. నెలసరిలో మరో 15 నుంచి 20 మిల్లీగ్రాములు అదనంగా పోతుంది, ఎక్కువ రక్తస్రావమయ్యేవాళ్లకు ఇంకా ఎక్కువ. ఒక కాన్పుకు మొత్తం మీద సుమారు 1,000 మిల్లీగ్రాములు, అంటే ఒక గ్రాము ఖర్చు. ఒకసారి 450 మిల్లీలీటర్ల రక్తదానం చేస్తే సుమారు 200 మిల్లీగ్రాములు వెళ్లిపోతుంది. ఇద్దరు పిల్లల్ని కని, ఇరవై ఐదేళ్లు నెలసరి చూసి, అందరూ తిన్నాక మిగిలింది తిన్న ఇల్లాలి గాదెలో ఏం మిగులుతుంది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6, తమిళనాడులో 53.4. వీళ్లు డబ్బాలో కూడా బియ్యం తగ్గినవాళ్లు. డబ్బా నిండుగా ఉండి గాదె ఖాళీ అయినవాళ్లు ఈ లెక్కలో లేరు. నేను ఆ లెక్కలో లేనిదాన్నే.

ఫెరిటిన్‌లో ఒక్కో అంకెకూ ఒంట్లో దాదాపు 8 మిల్లీగ్రాముల నిల్వ ఇనుము ఉన్నట్టు ఒక మోటు లెక్క ఉంది. 14 నుంచి 75కు చేరాలంటే 61 అంకెలు ఎక్కాలి. 61 ఎనిమిదులు 488. ఇంచుమించు అర గ్రాము. ఇంత ఇనుమును తిండితోనే పూడ్చుకోగలమా? తిండి నుంచి వచ్చేది రోజువారీ నష్టానికే సరిపోతుంది. రాగి సంకటి, తోటకూర మంచివే, అవి గాదె మళ్లీ ఖాళీ కాకుండా కాపాడతాయి. ఖాళీ అయిన గాదెను నింపడం వాటి వల్ల అయ్యే పని కాదు. ప్రభుత్వ ఐరన్ మాత్రలో అసలు ఇనుము 60 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు ఒంటబడితే 6. 488ని 6తో భాగిస్తే 81 రోజులు. మూడు నెలలు వాడి మళ్లీ ఫెరిటిన్ చూడమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. పది రోజులు వేసుకుని "పనిచేయలేదు" అని మానేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

మాత్ర వేసుకోవడంలోనూ కిటుకుంది. పరగడుపున, నిమ్మరసంతోనో ఉసిరితోనో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. కాఫీ, టీలు ఇనుమును పేగులోనే పట్టేసుకుంటాయి. ఫిల్టర్ కాఫీ లేనిదే తెల్లవారని మా ఊళ్లో ఈ మాట చెప్పడం కష్టమే, అయినా మాత్రకు ముందూ వెనకా ఒక గంట కాఫీ జోలికి పోవద్దు. కాల్షియం మాత్రకు కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు వేసుకోవచ్చు. అలా వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఒంటబట్టే వంతు పెరుగుతుందని పరిశోధనలున్నాయి. మలం నల్లగా అయితే భయపడక్కర్లేదు. మాత్ర పడనివాళ్లకు, పేగు సరిగా పీల్చుకోనివాళ్లకు, ఫెరిటిన్ 75 దాటినా 100 లోపే ఉన్నవాళ్లకు ఆసుపత్రిలో నరంలోకి ఎక్కించే ఇనుము ఉంది. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ దాని పేరు, 1,000 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేయాలి. పరీక్ష లేకుండా ఇనుము మింగొద్దు. ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి ఒంటికి లేదు, అది కాలేయంలో పేరుకుంటుంది. అందుకే ఫెరిటిన్‌తో పాటు ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూస్తారు. అది 45 శాతం దాటి ఉంటే ఇనుము ఇవ్వరు. జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరిగి కనిపిస్తుంది కాబట్టి అవి తగ్గాకే పరీక్షకు రక్తం ఇవ్వాలి.

ప్రభుత్వం ఇచ్చే ఆ ఎర్ర ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. 1945లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టిన ఆయన వైద్యం చదివింది మా చూలైకి కూతవేటు దూరంలోని మద్రాసు మెడికల్ కాలేజీలో. తోబుట్టువులను స్ప్రూ జబ్బు బలి తీసుకోవడం చూసి రక్తహీనతల మీద పట్టుబట్టిన మనిషి. ఈ దేశంలో గర్భిణికి రోజూ ఇచ్చే మాత్రలో ఆయన శ్రమ ఉందని తలుచుకున్నప్పుడు ఆ మాత్ర వికారం నాకు కొంచెం తగ్గేది.

గర్భిణుల మాట వచ్చింది కాబట్టి: నెలలు నిండే కొద్దీ దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ కాళ్ల బాధ వస్తుంది. కాన్పయ్యాక చాలామందికి కొద్ది వారాల్లోనే పోతుంది. "కడుపుతో ఉన్నప్పుడు అంతేనమ్మా" అని అత్తగారు అనడం సహజం. కానీ ఆ రాత్రుళ్ల సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఇనుముతో అందరికీ తగ్గదు. అప్పుడు మందులుంటాయి. ఇక్కడ మరో అంకె గుర్తుపెట్టుకోవాలి: ఏడాదికి 7 నుంచి 8 శాతం. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అనే డోపమీన్ తరహా మాత్రలు మొదట్లో అద్భుతంగా పనిచేస్తాయి. మొదటి వారమే నిద్ర పడుతుంది. కానీ వాడేవారిలో ఏటా అంత శాతం మందికి జబ్బు తిరగబడుతుంది. రాత్రి పదికి వచ్చేది సాయంత్రం ఆరుకే వస్తుంది, తర్వాత మధ్యాహ్నమే వస్తుంది, చేతులకూ పాకుతుంది. మోతాదు పెంచితే ఇంకా ముదురుతుంది. పదేళ్లు వాడితే ఆ ప్రమాదం ఎంత పెరుగుతుందో మీరే లెక్క వేసుకోండి. ఈ కారణంగానే అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2025 జనవరిలో తన సిఫారసులు మార్చింది. ఆ మాత్రల్ని మామూలుగా మొదలుపెట్టొద్దంది. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ తరహా మందుల్నీ, నరంలోకి ఇచ్చే ఇనుమునూ ముందుకు తెచ్చింది. ఇప్పటికే పాత మాత్ర వాడుతున్నవాళ్లు ఇది చదివి రాత్రికి రాత్రే ఆపేయొద్దు, బాధ విపరీతమవుతుంది. డాక్టరే మెల్లగా తగ్గించాలి. గాబాపెంటిన్ కూడా కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గించి ఇవ్వాల్సిన మందు.

మన మందుల డబ్బాలోనే కొందరు శత్రువులుంటారు. జలుబుకూ దురదకూ వేసుకుంటే మత్తొచ్చే అలర్జీ మాత్రలు, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, దిగులుకిచ్చే చాలా మందులు కాళ్లను రెచ్చగొడతాయి. నిద్ర రావడం లేదని అలర్జీ మాత్ర వేసుకునే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. ఈ జబ్బున్నవాళ్లకు అది నిప్పులో నెయ్యి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఈ జబ్బు పేరు చెప్పండి.

అందరికంటే ఎక్కువ బాధపడేది డయాలసిస్ రోగులని నా అభిప్రాయం. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, చేతిలో సూదులతో కదలకుండా ఉండాలి. కిడ్నీలు పాడైనవాళ్లలో ఈ జబ్బు మామూలు జనం కంటే చాలా ఎక్కువ. మధ్యలో లేచి నడవలేరు. వాళ్ల కాళ్లు మెల్లగా పిసికే మనిషి పక్కనుంటే అది గొప్ప సాయం. పిల్లల్లోనూ 8 నుంచి 17 ఏళ్లవాళ్లలో దాదాపు 2 శాతం మందికి ఉందని అమెరికా, బ్రిటన్ సర్వే ఒకటి చెబుతోంది. వాళ్లకు ఫెరిటిన్ గీత 50. తరగతిలో కుదురుగా కూర్చోని పిల్లను కొట్టేముందు రాత్రి ఎలా పడుకుంటోందో అడగాలి.

బాధ ఎంతుందో కొలవడానికి పది ప్రశ్నల పట్టిక ఉంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4, మొత్తం 40. పది దాకా స్వల్పం, 20 దాకా మధ్యస్థం, 30 దాకా తీవ్రం, ఆపైన అతి తీవ్రం. నాకు మొదట 27 వచ్చింది. ఐదు నెలల ఇనుము తర్వాత 12. పూర్తిగా పోలేదు, పోదు కూడా, దీంతో బతకడం నేర్చుకున్నాను. మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ లేదు. ఇస్త్రీ, గిన్నెలు, మర్నాటి కూరలు తరగడం, నిలబడి చేసే పనులన్నీ రాత్రికి పెట్టుకున్నాను. పడుకోబోయే ముందు పిక్కల మీద గోరువెచ్చని నీళ్లు పోసుకుంటాను. మార్గళి మాసంలో సంగీత కచేరీలకు వెళ్తే వరస చివరి కుర్చీ, బస్సులో అయితే నడవ పక్క సీటు. వ్రతానికి పీటల మీద కూర్చోమంటే మధ్యలో లేస్తానని ముందే చెప్పేస్తాను. ఎవరూ తప్పుపట్టలేదు. పక్కన పడుకునేవాళ్లకూ ఈ సంగతి తెలియాలి. ఈ జబ్బున్నవాళ్లలో దాదాపు 80 శాతం మందికి నిద్రలోనూ ప్రతి 20 నుంచి 40 సెకన్లకోసారి కాలు దానంతటదే ఎగిరిపడుతుంది. మా ఆయన చాలాకాలం నేను కోపంతో తంతున్నాననుకున్నారు.

వచ్చేసారి మీరు గానీ, మీ అమ్మగారు గానీ, దుకాణంలో పనిచేసే మీ చెల్లెలు గానీ రక్తపరీక్షకు వెళ్తే, చీటీలో ఫెరిటిన్ కూడా రాయమని అడగండి. చెన్నైలో ఉంటే సెంట్రల్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, అంటే జీహెచ్‌లో నరాల విభాగం ఉంది, అక్కడ వైద్యానికి డబ్బు కట్టక్కర్లేదు. రిపోర్టు చేతికొచ్చాక 'నార్మల్' అన్న మాట దగ్గర ఆగిపోకండి. దాని పక్కనున్న అంకె 75 దాటిందో లేదో చూడండి. దాటకపోతే, రాత్రిళ్లు కాళ్లు లాగుతుంటే, ఆ కాగితం పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.